ముందు పాత నూనె తుడవండి

మిన్నెసోటాలో ఉంటున్న మా మేనల్లుడికి జింకల వేట మీద మనసు పడింది. అక్కడ అది చట్టానికి లోబడిన పనే. లైసెన్సు కొనుక్కుని, మైలు దూరం నుంచైనా కళ్లకు కొట్టొచ్చే నారింజ రంగు కోటు తొడుక్కుని, నవంబరులో ఒక శనివారం తెల్లవారుజామున అడవిలోకి పోతారు. ఆఫీసువాళ్లతో వీడూ బయలుదేరుతున్నాడు. "మావయ్యా, ఇక్కడ షాపులో తుపాకి నూనెలే ఒక అలమార నిండా ఉన్నాయి. చలికి ఏది మంచిది?" అని ఫోను చేశాడు.

సత్తెనపల్లిలో కూర్చున్నవాణ్ణి మంచు గురించి అడగడానికి కారణం ఉంది. నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసినవాణ్ణి. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో పని నేర్చుకుని, ద్రాస్ వైపు చలికాలాలు గడిపినవాణ్ణి. తుపాకి పేల్చడం కన్నా విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం నా వృత్తి.

"ఏదీ కొనకురా. ముందు దాంట్లో ఉన్నది తుడిచెయ్" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వులాటకు చెప్పలేదు.

చలిలో నూనెకు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. సంక్రాంతి నెలలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే అది పేరుకుంటుంది. భూమిలోంచి తీసిన మామూలు కందెన నూనెలు ఇంకా కింది దాకా ఓర్చుకుంటాయి గానీ, వాటిలోనూ కొద్దో గొప్పో మైనం ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నా దాటి ఇంకా దిగే కొద్దీ ఆ మైనం పలుకులు కట్టి, నూనె జిగురుగా మారుతుంది. ఇంజిన్‌కైతే సెల్ఫ్ తిరగదు. తుపాకికైతే ఫైరింగ్ పిన్ను కదలదు.

బోల్టు లోపల సన్నటి గొట్టంలాంటి తోవలో స్ప్రింగు, పిన్ను ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు ఆ పిన్నును తూటా వెనక ఉన్న ప్రైమర్ మీదికి విసురుతుంది. దెబ్బ గట్టిగా, ఒక్కసారిగా పడాలి. ఆ తోవలో చిక్కబడ్డ నూనె ఉంటే పిన్ను ఈడ్చుకుంటూ వెళ్తుంది. ప్రైమర్ మీద చిన్న గుంట పడుతుంది, తూటా పేలదు. తుపాకి పాడైందనుకుంటాం. పాడు కాలేదు, నూనె ఎక్కువైంది. ఎండ దేశంలో శ్రద్ధగా పోసిన నూనే చలిదేశంలో తుపాకిని మూగదాన్ని చేస్తుంది.

ఈ సంగతి చరిత్రలో పెద్ద సైన్యాలకే అనుభవమైంది. 1941 చలికాలంలో మాస్కో ముందు నిలిచిన జర్మన్ సేనల మెషీన్‌గన్‌లలో నూనె గడ్డకట్టి అవి మొరాయించాయి. అంతకు రెండేళ్ల ముందు సోవియట్లతో పోరాడిన ఫిన్లాండు వాళ్లు పుట్టిందే మంచులో. నూనె, గ్రీజు కడిగేసి ఆయుధాలు వాడుకోవడం వాళ్లకు తెలుసు. తర్వాతి రోజుల్లో అమెరికా సైన్యం మామూలు నూనె పక్కనపెట్టి, సున్నాకు దిగువన యాభై నాలుగు డిగ్రీల దాకా పారే ఆర్కిటిక్ నూనెను ఆయుధాల కోసం విడిగా తయారు చేయించుకుంది.

ఇక మన సైన్యం. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో సియాచిన్ ఎక్కిన నాటి నుంచి మనవాళ్లు అక్కడ కాపలా కాస్తూనే ఉన్నారు. చలి సున్నాకు దిగువన యాభై దాటుతుంది. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి అమరులైన పదిమందిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. అలాంటి చోట తుపాకి పేలకపోతే మెకానిక్కును పిలిచే వీలుండదు.

మేనల్లుడికి చెప్పిన పని ఇది. తూటాలు తీసి వేరే గదిలో పెట్టు. ఛాంబర్ కళ్లతో చూడు, వేలు పెట్టి చూడు. బోల్టు విప్పు. పిన్ను, స్ప్రింగు బయటికి తీసి జిడ్డు వదిలించే ద్రావకంలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో తోము. స్ప్రింగు చుట్ల సందుల్లోంచి గోధుమరంగు మడ్డి వస్తుంది. అదే అసలు దొంగ. గుడ్డకు మరక అంటనంత వరకూ తుడువు. పిన్నునూ స్ప్రింగునూ పొడిగానే బిగించు. బోల్టు ముక్కు దగ్గర ఇనుము ఇనుముతో ఒరుసుకునే లగ్గుల మీద మాత్రం ఒక చుక్క వేసి, వేలితో రాసి, ఆ రాసిందాన్ని మళ్లీ గుడ్డతో తుడిచెయ్. మిగిలిన పొర కంటికి కనిపించదు. అది చాలు. తుపాకి గొట్టంలో పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి రెండుసార్లు లాగు, అక్కడ నూనె చుక్క మిగలకూడదు.

ఆ ఒక్క చుక్క ఏ నూనెది అన్నది తర్వాతి ప్రశ్న. సింథటిక్ అని రాసి ఉండాలి, పోర్ పాయింట్ ఎంతో డబ్బా మీద ఉండాలి. పోర్ పాయింట్ అంటే నూనె ఇంకా పారగలిగే అట్టడుగు ఉష్ణోగ్రత. వేటాడే చోటి చలికి ఇంకో ఇరవై డిగ్రీలు కింద ఉన్నది తీసుకోవాలి. ఇది మన బైకులకూ వర్తించే లెక్కే. మన దగ్గర 20డబ్ల్యూ-40 పోస్తాం. అందులో మొదటి అంకె చలికి సంబంధించింది. ఇరవై అన్నదాన్ని సున్నాకు దిగువన పదిహేను డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, సున్నా అన్నదాన్ని ముప్పై అయిదు డిగ్రీల దగ్గర. మే నెలలో రెంటచింతల పేరు పేపర్లో పడే మన పల్నాడుకు ఇరవై చాలు. 1996 ఫిబ్రవరి 2న మిన్నెసోటాలోని టవర్ అనే ఊళ్లో సున్నాకు దిగువన యాభై ఒకటి నమోదైంది. అక్కడ మన డబ్బా పనికిరాదు.

వాడికి ఇంకో ఉపాయం కూడా చెప్పాను. డబ్బా మీది మాట నమ్మక్కర్లేదు. ఒక ఇనుప రేకు మీద నాలుగు నూనెల చుక్కలు వరసగా వేసి రాత్రంతా ఇంటి బయట పెట్టు. పొద్దున రేకును ఏటవాలుగా లేపు. ఏది జారిందో అదే నీ నూనె. వారం తర్వాత ఫొటో పంపాడు. ఖరీదైనది ఒకటి కదలకుండా కూర్చుంది.

కిరసనాయిలు కలిపి పలచన చేస్తే సరిపోదా అని మన మెకానిక్కులు అడుగుతారు. అవసరానికి పనికొస్తుంది. కానీ కిరసనాయిలు ఆవిరైపోయాక ఇనుము బోసిగా మిగిలి తుప్పు పడుతుంది. మంచులో తడికి కొదవ ఉండదు. నిజానికి నూనె కన్నా ఎక్కువ ముంచేది ఆ తడే. చల్లబడ్డ తుపాకిని వెచ్చటి గదిలోకి తెచ్చారా, ఒళ్లంతా చెమట పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే ఆ చెమటే లోపల మంచై బిగుస్తుంది. అందుకే మా పోస్టులో తుపాకిని చలి కాచుకునే బుఖారీ పొయ్యి పక్కకు రానిచ్చేవాళ్లం కాదు. వెచ్చదనం మనిషికి కావాలి, తుపాకికి కాదు. వేటకు పోయినన్నాళ్లూ వాడనప్పుడు తూటాలు తీసేసి, తాళం వేసి చల్లటి చోటే ఉంచాలి. ఇంటికి తెస్తే విప్పి, ఆరబెట్టి, తుడవాల్సిందే.

ఈ నూనెల్లో మన నేల వాటా కూడా ఉందని చెబితే వాడు ఆశ్చర్యపోయాడు. ఆముదం మామూలుగా చలికి పనికిరాదు, చిక్కబడిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకు వాడింది ఆముదమే, పెట్రోలులో కరగదు కాబట్టి. అదే ఆముదాన్ని ఘాటైన క్షారంతో బాగా వేడిచేసి విడగొడితే సెబాసిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని ఆల్కహాలుతో కలిపితే, సున్నాకు దిగువన యాభై డిగ్రీల్లో కూడా పారే ఎస్టర్ నూనె తయారవుతుంది. జెట్ ఇంజిన్లకూ, చలికి తట్టుకునే గ్రీజులకూ ఇలాంటివి వాడారు. ఆముదం పండించడంలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. గుజరాత్ ముందుంది, పాలమూరు, నల్లగొండ మెట్టచేలకూ అది పాత పంటే. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని చిన్నచూపు చూశాం గానీ, మంచుకొండ మీద దాని బిడ్డే దిక్కయింది.

ఆయుధం బాగోగులు పల్నాడుకు కొత్త కాదు. కారంపూడిలో కార్తీకమాసపు వీరుల తిరునాళ్లలో వీరుల ఆయుధాలైన కొణతాలకు నాగులేట్లో స్నానం చేయించి మొక్కుతారు. దసరాకు సత్తెనపల్లి షెడ్లలో స్పానర్లకు కూడా బొట్టు పెడతారు. ఏడాదికొకసారి బొట్టు పెట్టిన చేతులే మిగతా రోజుల్లో ఆ పనిముట్టును దుమ్ములో పడేస్తాయి. తుడవడం నాకు పూజ కన్నా ఎక్కువ.

ఇక్కడ మనకు మంచు లేదు, వేటా లేదు. వన్యప్రాణుల్ని 1972 నాటి చట్టం కాపాడుతోంది. లైసెన్సు తుపాకులున్న కొద్దిమంది ఇళ్లలో జరిగేది మరో తప్పు. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పజెప్పిన తుపాకిని తిరిగి తెచ్చుకుని, తుప్పు పడుతుందన్న భయంతో గుమ్మరించినట్టు నూనె పోసి బీరువాలో పెడతారు. పత్తిచేల మీదుగా వచ్చే దుమ్ము, నుసి ఆ నూనెకు అంటుకుని, ఏడాది తిరిగేసరికి లోపల బంక తయారవుతుంది. మిన్నెసోటాలో చలి చేసే పనే ఇక్కడ దుమ్ము చేస్తుంది.

కాబట్టి లైసెన్సుదారులకు ఒక మాట. ఈ ఆదివారం తుపాకి ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. విప్పడం రాకపోతే లైసెన్సున్న ఆయుధాల మరమ్మతు దుకాణానికి పంపండి. వస్తే పాత నూనెంతా తుడిచి, కొత్తది ఒక్క చుక్క వేయండి. రెండో చుక్క వేయబుద్ధి అయితే సీసాకు మూత పెట్టేయండి.