కుండ నేర్చే వరస

కుండలు చేయడం నేర్పే తరగతులు నగరంలో ఎక్కువగా సారెతోనే మొదలవుతాయి. రెండు గంటలు, ఒక మట్టి ముద్ద, ఒక చిన్న గిన్నె. కాల్చి తరవాత ఇస్తామంటారు. హైదరాబాదుకు దగ్గర్లోనే ఉన్న భువనగిరి వైపు పల్లెల్లో కుమ్మరి ఇంటి పిల్లలకు పని వచ్చే వరస దీనికి తలకిందులు. మట్టి దంచడం, జల్లించడం, తొక్కడం, రాళ్లు ఏరడం ముందు. సారె చాలా తరవాత. ఆవం పేర్చే బాధ్యత అన్నిటికన్నా చివర. తరగతి ఎంచుకోవాలనుకునే వాళ్లు ఫీజు కన్నా, గంటల కన్నా ముందు ఈ వరసను చూడాలి. మొదటి మెట్టు, రెండో మెట్టు అని బోర్డు మీద రాసినంత మాత్రాన స్థాయి తెలియదు. మట్టి నుంచి మంట దాకా ఉన్న పనిలో ఎంత భాగం మీ చేతికి వదులుతున్నారన్నదే ఆ తరగతి స్థాయి.

ఇంత పట్టుదలగా మట్టితో ఎందుకు మొదలుపెట్టాలంటే, కుండ చెడిపోయే కారణాల్లో చాలా భాగం సారె ఎక్కకముందే పుడతాయి గనక. ఈ మెట్ట ప్రాంతంలో చెల్క నేల ఇసుకపాలు ఎక్కువైనది, గోడగా నిలవదు. నల్లరేగడి జిగటే కానీ ఆరేటప్పుడు విపరీతంగా కుంచించుకుపోయి పగులుతుంది. ఎండాకాలం చేలో నెర్రెలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే చెరువు అడుగున పేరుకున్న మెత్తని మట్టిని తెచ్చి, అవసరాన్ని బట్టి ఇసుకో బూడిదో కలిపి సరిచేస్తారు. మట్టిలో గాలి బుడగ, గులకరాయి, సున్నపు పలుకు మిగిలితే దాని సంగతి సారె మీద కొంత, మంటలో మిగతా తేలుతుంది. జపాన్ కుమ్మరుల్లో మట్టి పిసకడానికి మూడేళ్లు, సారెకు పదేళ్లు అనే మాట ఉంది. అన్నేళ్లు ఎవరికీ కుదరదు, నిజమే. కానీ సంచీలో సిద్ధంగా వచ్చిన మట్టినే ఎప్పుడూ ముట్టుకునే వ్యక్తి, గిన్నె పగిలిన రోజున తన వేళ్లనే నిందించుకుంటాడు. బొత్తిగా కొత్తవాళ్లకు, అందువల్ల, సారె లేని తరగతే మేలు. మట్టి పిసికి, పట్టీలుగా చుట్టి, చేత్తో గిన్నె లేపి, అది ఆరుతూ ఎక్కడ ఎందుకు చీలిందో చూపించే తరగతి.

సారె దగ్గరికి వచ్చాక చూడవలసింది ఒక్కటే: కుండ లేస్తున్నప్పుడు మట్టి మీద ఎవరి చేతులున్నాయి? ముద్దను సారె నడిమికి తేవడమే అసలు కష్టం. గురువు అది చేసిపెట్టి, మీ వేళ్లను పట్టుకుని గోడ లాగితే ఫొటో బాగా వస్తుంది. సరదాకైతే తప్పేమీ లేదు, దాన్ని నేర్పడం అనకూడదంతే. కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు పనికొచ్చేది మార్పులేని పని. ఒకే ముద్ద మీంచి ప్రమిద తరవాత ప్రమిద తీసి దారంతో కోయడం దీపావళి ముందు కుమ్మరి వాకిట్లో కనబడే మామూలు పనే, అంతకు మించిన సాధన లేదు. కర్రతో తిప్పే బరువైన సారె క్షణక్షణానికీ వేగం తగ్గుతుంది. అది ఆగేలోగా పని ముగించాలి. మోటారు సారెకు ఆ తొందర లేదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి ఒక పథకం కింద కుమ్మరులకు మోటారు సారెలు ఇస్తూనే ఉంది, కాబట్టి మోటారును చూసి అది అసలైన విద్య కాదనడం వట్టి చాదస్తం.

సారె మీద పెద్ద కుండ పూర్తికాదన్న సంగతి చాలా తరగతుల్లో చెప్పరు. అక్కడ మూతీ మెడా తేలతాయి, గోడ మందంగా ఉండిపోతుంది. కాస్త ఆరాక లోపల రాతి గుండు ఆనించి, బయట చెక్కతో కొడుతూ పొట్ట పెంచి, అడుగు మూసి, గోడను పల్చన చేస్తారు. వేసవిలో నీళ్లు చల్లబరిచే రంజను పల్చదనం ఈ దెబ్బల వల్లే వస్తుంది. దెబ్బ పడే చోటుకు సరిగ్గా ఎదురుగా లోపలి గుండు ఉండాలి, కళ్లకు అది కనబడదు. ఏడాది పాటు సారె తిప్పి, ఇక నేర్చుకునేదేముంది అనుకునేవాళ్లకు స్టూడియో మార్చడం కన్నా ఈ పని తెలిసిన కుమ్మరి దగ్గర కొన్నాళ్లు కూర్చోవడం ఎక్కువ లాభం.

ఇక మంట. భువనగిరి పక్కనే ఉన్న రాయగిరిలో ఇనుప యుగపు రాతి సమాధులున్నాయి. దక్కన్‌లో ఆ కాలపు సమాధుల్లో సాధారణంగా దొరికేవి నలుపు ఎరుపు కుండలు: లోపలా మూతి దగ్గరా నలుపు, కింద బయట ఎరుపు. రంగు పూసి తెచ్చినది కాదది. బోర్లించి కాల్చినప్పుడు గాలి అందని భాగం నల్లబడి, అందిన భాగం ఎర్రబడిందన్నది ఎక్కువమంది పండితులు చెప్పే వివరణ. అంటే ఆ కుండ అందంలో సగం ఆవం పేర్చిన మనిషిది. తడి మిగిలిన కుండ నూరు డిగ్రీలు దాటగానే ఆవిరికి పేలుతుంది. దాదాపు ఆరువందల డిగ్రీలు దాటాక మట్టి మళ్లీ మట్టి కాలేదు. స్విచ్చు వేసే విద్యుత్ కొలిమి ఈ లెక్కలన్నీ తనలోనే దాచుకుంటుంది. కాల్చడం గురువుగారే చూసుకుంటారనే తరగతి, ఎన్ని నెలలు సాగినా, పైమెట్టు తరగతి కాదు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. పన్నెండువందల డిగ్రీలు దాటించి గట్టి పింగాణీ చేసే స్టూడియోలే ఉన్నత స్థాయి, పల్లె ఆవం మొదటి మెట్టు కదా అన్నది ఒకటి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో ప్రారంభించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వంటి చోట్ల ఆ విద్య గంభీరంగా నడిచింది. మెరుగు పూత, టీకప్పులు కావాలంటే దారి అదే. కానీ రంజను చల్లబరిచేది దాని గోడలోని సన్నని రంధ్రాల వల్ల. మరీ ఎక్కువ కాలిస్తే అవి మూసుకుపోతాయి. తక్కువ వేడి ఇక్కడ లోపం కాదు, కోరి ఎంచుకున్న కొలత.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: ఇంటి విద్య వరస గొప్పదంటున్నారు, ఆ ఇంట్లో ఆడవాళ్లను సారె ఎక్కనిచ్చారా అని. చాలాచోట్ల ఎక్కనివ్వలేదు. మట్టి కలపడం, మోయడం, రంగు పూయడం వాళ్లవంతు, సారె మగవాళ్లది. తరగతి అనే ఏర్పాటు ఆ గీతను చెరిపింది, ఆ మేలు చిన్నది కాదు. వరసను తీసుకుని గీతను వదిలేయవచ్చు.

చేరే కాలం కూడా స్థాయిని బట్టే చూసుకోవాలి. ఆవం దగ్గర నేర్చుకోవాలంటే రంజన్ల పని సాగే సంక్రాంతి తరవాతి నెలలు, లేదా ప్రమిదల పని జోరుగా ఉండే దీపావళి ముందు రోజులు. వానాకాలంలో కుండలు ఆరవు, ఆవం అరుదుగా వెలుగుతుంది. కొత్తవాళ్లకు మాత్రం ఆ తేమే అనుకూలం: చేత్తో చేసిన మందపాటి గిన్నెలు నెమ్మదిగా ఆరి, తక్కువ పగులుతాయి.