రామదాసు లెక్క

పేరుమోసిన నేరస్థులు సాధారణముగా లెక్కలు దాఁతురు. ముదిగొండకుఁ బొరుగైన నేలకొండపల్లివాఁడు కంచెర్ల గోపన్న మాత్రము వానిని రాగముకట్టి పాడెను! పాల్వంచ పరగణా తహసీలుదారుగానుండి సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా (1672–1687) కాలమున గోలకొండ చెఱఁబడెను.

‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తనమున నతఁడు నగల నొక్కొక్కటిగాఁ బేర్కొని, సీతమ్మ పతకమునకు 10,000 నాణెములయ్యెనని వెలయుఁ జెప్పి, తండ్రి మామల పేర్లెత్తి రాముని నిలఁదీసి, పిదప దెబ్బల కోర్వలేక తిట్టితినని వేఁడుకొనెను. ముద్దాయియే సాక్షి, వాదియు నతఁడే. నిందాస్తుతికి జీవమిదియే. దీనిఁ గేవలభక్తిగాఁ జదువువారు హాస్యమును గోల్పోవుదురు. కేవలహాస్యముగాఁ జదువువారు దెబ్బలను మఱతురు.

అయినను పద్దొకటి లేదు: పన్నుగట్టిన రైతు. రామలక్ష్మణులు తానీషాకు బాకీ తీర్చిరని యైతిహ్యము, రైతునకుఁ దీర్చినదెవరు?