పేను లేని పేనుకొరుకుడు

మన భాషలో ఈ జబ్బు పేరే ఒక నింద. తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోతే ‘పేనుకొరుకుడు’ అంటాం. కొరికిన పేనేదీ లేదు. మన రోగనిరోధక వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. అంటుకునేదీ కాదు. అయినా నా తల చూసినవాళ్ళు ముందు తమ దువ్వెన దాచుకున్నారు. మొత్తం ఊడాక ‘తిరుపతి మొక్కా?’ అన్నారు. అవునంటే గౌరవం! ఆడదాని బోడితలకి మొక్కో, వైధవ్యమో తప్ప మూడో అర్థం మనకి తెలీదు.

అందుకే అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు అయానా ప్రెస్లీ 2020 జనవరిలో విగ్గు తీసి మాట్లాడిన వీడియోని ఆత్మకథలా చదువుకున్నాను. ఆమె సన్నజడలు నల్లజాతి ఆడపిల్లలకి గర్వకారణం. 2019 డిసెంబరులో, ట్రంప్ అభిశంసన ఓటింగుకి ముందురాత్రి, మిగిలిన కాస్త జుట్టూ పోయింది. మర్నాడు విగ్గుతో వెళ్ళి ఓటేసి, బయటికొచ్చి బాత్రూంలో దాక్కుంది. అందరూ ధైర్యగాథ అన్నారు. నాకు ముఖ్యమనిపించింది ఆ బాత్రూం, ఇంకా సమాధానపడలేదని ఆమె చెప్పడం. ‘జుట్టేగా, ప్రాణం కాదుగా’ అనే మన ఓదార్పులో ఆ దుఃఖానికి చోటే ఉండదు.

ఒక్క పేచీ. విగ్గు తీసినా ఆమె పదవి ఆమెకుంది. మచ్చ కనపడకుండా సవరం పెట్టి పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్ల ఎప్పుడు తీస్తుంది, ఎవరి ముందు?