వాము ఏ ముద్దకి, పెన్నేరు గడ్డ ఏ వేళకి

పత్తికొండకు దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండోది మందుమొక్కల ఊసు ఎత్తుతుంది. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు, వేళ్లు, పండ్లు ఎక్కడ లేకపోతే అక్కడికి తెప్పించి నాటించానంటాడు రాజు. ఆ మాట చెక్కి రెండువేల రెండొందల ఏళ్లు దాటింది, ఈ నేల ఇంకా మందు పండిస్తూనే ఉంది. ఇక్కడి నల్లరేగళ్లలో పండిన వాము బస్తాలకెక్కి కర్నూలు మార్కెట్ యార్డుకు పోతుంది. కర్నూలు, అనంతపురం మెట్టపొలాల్లో పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, వేస్తారు. ఐదారు నెలలకు మొక్కను పీకి, వేరు కోసి ఎండబెడతారు. ఒకటి అరుగుదలకు, ఇంకొకటి నిద్రకు. సరుకు మనదే. దాన్ని ఎప్పుడు పుచ్చుకోవాలన్న తెలివే మన ఇళ్లలోంచి జారిపోతోంది. నా దిగులంతా దాని గురించే.

ఆయుర్వేద గ్రంథమైన వాగ్భటుడి అష్టాంగహృదయం మందు పుచ్చుకోవడానికి పది వేళలు చెప్పింది. పరగడుపున, అన్నానికి ముందు, అన్నం మధ్యలో, అన్నం చివర, ముద్దలో కలిపి, ముద్దకీ ముద్దకీ నడుమ, రాత్రి పడుకోబోతూ... ఇలా. తర్వాతి కాలపు వైద్యుడు శార్ఙ్గధరుడు వాటిని ఐదుకు కుదించాడు. దీని వెనక ఒక లెక్క ఉంది. కింది పొట్టలోని అపానవాయువు గతి తప్పితే మందు అన్నానికి ముందు పడాలి, అరుగుదల దగ్గరుండే సమానవాయువు తప్పితే అన్నం మధ్యలో పడాలి. వాయువుల పేర్లు నమ్మినా నమ్మకున్నా, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని, నిండినప్పుడు చేసే పని ఒకటి కావని ఎవరికైనా తెలుసు.

హింగ్వష్టక చూర్ణాన్నే చూడండి. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, అజమోద, సైంధవలవణం, జీలకర్ర, నల్ల జీలకర్ర, ఇంగువ. ఈ ఎనిమిదింటి పొడిని నెయ్యితో మొదటి ముద్దలోనే తినమంటుంది శాస్త్రం. బాలింతకు తొలి ముద్ద శొంఠిపొడితో పెట్టే మన అమ్మలది అదే పద్ధతి. ఆదోని, ఎమ్మిగనూరు హోటళ్లలో ఉగ్గాని పక్కన వచ్చే మిరపకాయ బజ్జీలో వాము పడేది కూడా ఊరికే కాదు. శనగపిండి, నూనె కడుపులోకి వెళ్లేటప్పుడే వాటిని అరిగించేదీ వెంట వెళ్తుంది.

రాత్రి అన్నం తిన్నాక కడుపు బరువెక్కితే వాము వేరే తీరుగా వాడతారు. బాణలిలో నూనె లేకుండా చెంచాడు వాము వేసి సన్నని సెగ మీద కదపాలి. ఘాటు ముక్కుకు తగలగానే దించెయ్యాలి. గింజ నల్లబడే దాకా ఉంచితే చేదెక్కుతుంది. పని చేసే థైమాల్ గింజ నూనెలో ఉంటుంది, ఎక్కువ వేడికి అది ఆవిరై పోతుంది. చల్లారాక అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, చిటికెడు ఉప్పుతో నమిలి గోరువెచ్చని నీళ్లు తాగాలి. పరగడుపున మాత్రం వద్దు, కడుపులో మంట ఉన్నవాళ్లకు అసలే వద్దు.

వాముకు లొంగని కడుపు జబ్బులున్నాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. నీళ్ల విరేచనాలు ఆగనప్పుడు ఇంట్లో చిట్కాలతో గంటలు గడపకూడదు. ఓఆర్ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక పెన్నేరు గడ్డ. దీని వేళ రాత్రి, తోడు పాలు. ఎండిన వేరును దంచి, గుడ్డలో జల్లెడ పడతారు. శాస్త్రం చెప్పే క్షీరపాకం ప్రకారం ఒక వంతు పొడికి ఎనిమిది వంతుల పాలు, ముప్పైరెండు వంతుల నీళ్లు పోసి, నీళ్లన్నీ ఇగిరి పాలు మిగిలే దాకా కాస్తారు. పొడి రోజుకు మూడు నుంచి ఆరు గ్రాములు. అయితే ఇది అరగడానికి బరువైన మందు. కడుపు ఉబ్బరంతో నిద్ర పట్టనివాడు ఈ పాలు తాగితే ఆ రాత్రి ఇంకా పాడవుతుంది. అందుకే మొదట రాత్రి భోజనాన్ని పొద్దుగూకే వేళకు జరుపుకోవాలి. భోజనం తర్వాత వాముతో కొన్నాళ్లు కడుపు తేలిక చేసుకుని, ఆకలి సరిగ్గా వేస్తోందనిపించాక వేరు మొదలుపెట్టాలి. నిద్రకు మందు అడిగినవాణ్ని ముందు "ఆకలేస్తోందా?" అని అడగడంలోనే ఈ వైద్యం గొప్పతనం ఉందని నా నమ్మకం.

నిద్ర తెప్పించే గుణం మీద ప్రయోగశాలల్లోనూ పని జరిగింది. 2017లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మీద చూసి, ఆకులోని ఒక పదార్థం నిద్ర తెప్పిస్తోందన్నారు. అది చదివి ఆకు నమలబోకండి. మన వాడుక వేరుదే. ఆకును మందుల్లో వాడొద్దని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది. డెన్మార్క్ 2023లో అశ్వగంధనే నిషేధించింది, థైరాయిడ్, హార్మోన్ల మీద ప్రభావం ఉంటుందన్న భయంతో. ఆ నిషేధం మితిమీరిందనే అనిపిస్తుంది కానీ, దాని వెనకున్న హెచ్చరికను తోసెయ్యలేం. గర్భిణులు దీన్ని ముట్టకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టరును అడగనిదే మొదలుపెట్టకూడదు. డాక్టరిచ్చిన నిద్రమాత్ర వేసుకునే రాత్రి ఈ పాలు వద్దు, రెండూ కలిస్తే మత్తు పెరుగుతుంది.