ఫెలా కుటి సంగీతం: రూపం, రాజకీయం, వైరుధ్యం

ప్రజాకళాకారుల్ని అంచనా వేసేటప్పుడు మన విమర్శకు రెండు తేలిక దారులు అలవాటయ్యాయి. పాటలోని నినాదాన్ని చూసి కళాకారుణ్ణి నెత్తికెత్తుకోవడం ఒకటి. అతని జీవితంలోని లోపాన్ని చూసి పాటను కూడా పారెయ్యడం రెండోది. ఈ రెంటిలోనూ అసలు పని, అంటే పాటను వినడం, తప్పిపోతుంది. నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి (1938-1997) విషయంలో ఈ రెండూ జరుగుతూనే వచ్చాయి. అతని పాటకు దొరికిన రూపంలో ఒక సామూహిక జీవితం వుంది. అతని రాజకీయాచరణ ఆ సామూహికతను అందుకోలేకపోయింది. ఈ వైరుధ్యాన్ని దాచకుండా పరిశీలించడమే అతనికి మనం చేయగల న్యాయం.

ఫెలా ఆకాశం నుంచి వూడిపడలేదు. అతని తల్లి ఫున్మిలాయో రాన్సమ్-కుటి అబెయోకుటా పట్టణంలో బజారు స్త్రీలను సమీకరించి, వాళ్లమీద విధించిన పన్నుకు వ్యతిరేకంగా పోరాటం నడిపింది. ఆ వుద్యమం ధాటికి వలస ప్రభుత్వం అండతో ఏలుతున్న స్థానిక రాజు 1949లో గద్దె దిగవలసి వచ్చింది. 1970లో ఆమెకు లెనిన్ శాంతి బహుమతి వచ్చింది. తండ్రి చర్చి పెద్ద, బడి పంతులు, వుపాధ్యాయ సంఘ నాయకుడు. అంటే ఫెలా పెరిగింది చదువూ, చర్చీ, వలస వ్యతిరేక పోరాటమూ ఒకే కప్పుకింద వున్న మధ్యతరగతి యింట్లో.

1958లో లండన్ వెళ్లి ట్రినిటీ సంగీత కళాశాలలో పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. 1963లో స్వదేశం తిరిగొచ్చాక పశ్చిమాఫ్రికా ‘హైలైఫ్’ నృత్య సంగీతానికి జాజ్‌ను జోడించాడు. అది నేర్పుగల సంగీతమే, కాని ఎవరికోసమో తేలని సంగీతం. 1969లో బృందంతో అమెరికా వెళ్లినప్పుడు నల్లజాతి వుద్యమంతో పరిచయమైంది. బ్లాక్ పాంథర్లతో సంబంధమున్న శాండ్రా స్మిత్ చేతిలో పెట్టిన మాల్కమ్ ఎక్స్ ఆత్మకథ అతన్ని కుదిపేసింది. తన దేశాన్ని తాను మొదటిసారి చూసింది పరాయి గడ్డమీద నుంచి. తిరిగొచ్చేసరికి స్వదేశంలో పరిస్థితి వేరు. 1970లో బయాఫ్రా యుద్ధం ముగిసింది. చమురు డబ్బు పొంగింది. ఆ డబ్బు సైనిక పాలకుల చేతుల్లోకీ, విదేశీ కంపెనీల దళారుల చేతుల్లోకీ పోయింది. లాగోస్ మురికివాడలు మాత్రం పెరుగుతూ పోయాయి. ‘ఆఫ్రోబీట్’ ఈ నేలమీద మొలిచింది.

యోరుబా లయలు, హైలైఫ్, జాజ్, అమెరికా నల్లవాళ్ల ఫంక్: వీటన్నిటినీ కలిపితే ఆఫ్రోబీట్ అవుతుందని పట్టికలాగా చెప్పడం పరిపాటి. కలపడం ఏ వ్యాపార సంగీతమైనా చేస్తుంది. ఎందుకోసం కలిపాడన్నది ప్రశ్న. ఫెలా రూపంలో మూడు నిర్ణయాలున్నాయి. మూడూ రాజకీయ నిర్ణయాలే.

మొదటిది నిడివి. పాట ఒక్కొక్కటి రికార్డులో ఒక వైపంతా ఆక్రమిస్తుంది. ‘కన్‌ఫ్యూజన్’ (1975) 25 నిమిషాలకు పైమాటే. మూడు నిమిషాల సరుకు కావాలనే రేడియోకూ, కంపెనీకీ ఇది మింగుడుపడదు. డోలు వాద్యకారుడు టోనీ అలెన్ నిలబెట్టిన లయమీద గిటార్లు, బాకాలు ఒక్కొక్కటే చేరుతాయి. మాట వచ్చేసరికి శ్రోత శరీరం అప్పటికే ఆ లయలో నిలదొక్కుకొని వుంటుంది. రెండోది భాష. వందలాది భాషలున్న నైజీరియాలో యోరుబాలో పాడితే హౌసా, ఇగ్బో ప్రజలు బయట నిలబడతారు. బడి ఇంగ్లీషులో పాడితే బడి మొహం చూడనివాళ్లంతా బయట నిలబడతారు. అందుకే బజారుల్లో, రేవుల్లో కూలీనాలీ మాట్లాడుకునే పిడ్జిన్‌ను ఎంచుకున్నాడు. చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూసిన ఆ భాషలో ఎంత వ్యంగ్యం పలుకుతుందో చూపించాడు. మూడోది పిలుపు-జవాబు. మన బుర్రకథలో కథకుడికి వంతలెంత అవసరమో, ఫెలా పాటకు బృందగాయనులంత అవసరం. ‘జాంబీ’ (1976)లో అతను కవాతు ఆజ్ఞలను వరసగా పలుకుతాడు, బృందం ఒకే మాటతో జవాబిస్తుంది. ఆజ్ఞ ఆజ్ఞకూ సైనికుడు మనిషితనం పోగొట్టుకోవడం మన చెవులముందు జరుగుతుంది. ఇక్కడ వ్యంగ్యం మాటలో మాత్రమే లేదు, పాట కట్టడంలోనే వుంది.

పాలకులకు ఈ సంగతి విమర్శకులకన్న ముందే అర్థమైంది. ఫెలా తన నివాసానికి ‘కలకుటా రిపబ్లిక్’ అని పేరుపెట్టి స్వతంత్ర గణరాజ్యమని ప్రకటించుకున్నాడు. 1977 ఫిబ్రవరి 18న దాదాపు వెయ్యిమంది సైనికులు ఆ యింటిమీద పడ్డారు. స్త్రీలమీద అత్యాచారాలు జరిగాయి, యిల్లు తగలబడింది. వృద్ధురాలైన తల్లిని మేడ కిటికీలోంచి తోసేశారు. ఆమె కోలుకోలేదు, 1978 ఏప్రిల్‌లో మరణించింది. విచారణ సంఘం నేరాన్ని ‘గుర్తు తెలియని సైనికుడి’ మీదికి నెట్టి చేతులు దులుపుకుంది. ఫెలా ఆ మాటనే శీర్షికగా ‘అన్‌నోన్ సోల్జర్’ పాట కట్టాడు. తల్లి పేర శవపేటికను ఒబసాంజో ప్రభుత్వ సైనిక కేంద్రం ద్వారానికి మోసుకుపోయాడు. 1984లో బుహారీ సైనిక ప్రభుత్వం విదేశీ ద్రవ్యం ఆరోపణతో అతన్ని జైలుకు పంపింది. 1986లోగాని విడుదల కాలేదు. ఇన్ని దెబ్బలు తిని పాడటం మానని మనిషి ధైర్యాన్ని తక్కువ చెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు.

అయితే ధైర్యం వేరు, దృక్పథం వేరు. ‘లేడీ’ (1972)లో సమానత్వం అడిగే చదువుకున్న ఆఫ్రికా స్త్రీని అతను ఎగతాళి చేశాడు. స్త్రీలను కూడగట్టి రాజును దించిన తల్లి కడుపున పుట్టినవాడు, స్త్రీ వినయమే ఆఫ్రికా సంప్రదాయమన్నాడు! వలసవాదం తెచ్చినదాన్నంతా తిరస్కరించే ఆవేశంలో, వలసకు ముందునుంచీ వున్న పురుషాధిపత్యాన్ని సంస్కృతి పేరుతో వెనక తలుపునుంచి లోపలికి రానిచ్చాడు. 1978లో ఒకేసారి 27 మంది స్త్రీలను పెళ్లాడాడు. వాళ్లలో చాలామంది అతని గాయనులు, నర్తకులు, 1977 దాడిలో అతనితోపాటు దెబ్బలు తిన్నవాళ్లు. పాటలో జవాబు వాళ్లది, పిలుపు మాత్రం ఎప్పుడూ అతనిదే. గణరాజ్యమని పేరు పెట్టుకున్న యింట్లో రాజు ఒక్కడే. డబ్బు, గుర్తింపు విషయంలో అసంతృప్తితో టోనీ అలెన్ కూడా బృందాన్ని వదిలిపోయాడు. శ్రమ సమష్టిది, పేరు ఒక్కడిది!

తల్లికీ కొడుక్కీ తేడా ఇక్కడే వుంది. ఆమె సంఘం కట్టింది, అతను శ్రోతల్ని కూడగట్టాడు. 1979లో ‘మూవ్‌మెంట్ ఆఫ్ ది పీపుల్’ అనే పార్టీ పెట్టాడు గాని, ఎన్నికల్లో నిలబడనియ్యకపోయేసరికి దానికి ఫెలా తప్ప వేరే వూపిరి లేదని తేలిపోయింది. 1997లో అతను మరణించినప్పుడు, అది ఎయిడ్స్ మరణమని దేశానికి చెప్పింది మాజీ ఆరోగ్యమంత్రి అయిన అన్నే. నిరోధ్ వాడకం ఆఫ్రికాతనం కాదని ఫెలా ఎగతాళి చేస్తూ వచ్చాడు. పరాయిదనే ఒక్క కారణంతో విజ్ఞానాన్ని కూడా తిరస్కరించే జాతీయవాదం చివరకు ఎవరిని బలి తీసుకుంటుందో చెప్పడానికి యింతకన్న విషాద నిదర్శనం అక్కర్లేదు.

మరి ఆ పాటలేమయ్యాయి? 2009లో న్యూయార్క్ బ్రాడ్వే రంగస్థలం అతని జీవితాన్ని సంగీత నాటకంగా మలిచి టిక్కెట్లు అమ్ముకుంది. ఒకనాడు పాట సైజు చూసి జంకిన మార్కెట్టు, కత్తిరించుకుని జీర్ణం చేసుకోగలదని రుజువైంది. 2020 అక్టోబరులో పోలీసు దౌర్జన్యానికి వ్యతిరేకంగా నైజీరియా యువకులు వీధుల్లోకి వచ్చినప్పుడు, అవే పాటలు మళ్లీ మోగాయి. అతన్ని హింసించిన కాలపు సైన్యాధిపతులు ఒబసాంజో, బుహారీలు 1999లో ఒకరు, 2015లో మరొకరు, ఓట్లతో గెలిచి అధ్యక్షులయ్యారు. పాలకులు యూనిఫారం మార్చారు. పాటకు పని తీరలేదు.

రచయితలకు ఇందులో పాఠముంది. వస్తువు పోరాటానిదైతే రూపం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఫెలా పాట కట్టిన తీరు చూడాలి. రూపం సాధిస్తే చాలుననుకునేవాళ్లు అతని యిల్లు నడిచిన తీరు చూడాలి. వంత పాడే గొంతుకు పిలుపునిచ్చే హక్కు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నను ఫెలా సంగీతం మన ముందుంచింది. దానికి జవాబు పాటలోనే కాదు, పాట పుట్టే యింట్లోనూ, సంఘంలోనూ వెతకాలి.