రుద్దితే పోయేది, పోనిది

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో బ్యూటీ పార్లర్ నడపాలంటే ముందు గని షిఫ్టులు తెలియాలి. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఊరు కదిలేది ఈ మూడు గంటలకే. నా కుర్చీలో కూర్చునేవాళ్లూ ఆ లెక్కనే వస్తారు. ఫస్ట్ షిఫ్టుకు టిఫిన్ కట్టి పంపినవాళ్లు పది దాటాక వస్తే, బడి పంతులమ్మలు సాయంత్రం వస్తారు. కొన్నేళ్లుగా ఇంకో రకం వాళ్లు మూడున్నరకు, డ్యూటీ దిగి తిన్నగా వస్తున్నారు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితేనో, భర్త పోతేనో వాళ్ల సింగరేణి ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు, మస్టర్‌లో జనరల్ మజ్దూర్ అని పేరున్నవాళ్లు.

మా అమ్మ కాలంలో ఈ ఊళ్లో డ్యూటీ అంటే మగవాళ్ల మాట. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి పోనివ్వలేదు. పైన పని ఇచ్చినా పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడు లోపే. 2019లో కేంద్రం ఆ కట్టడిని కొంత సడలించింది. ఓపెన్‌కాస్టు గనుల్లో భారీ యంత్రాలు నడిపే పనికి కూడా ఆడవాళ్లను తీసుకుంటామని సింగరేణి ఈమధ్య ప్రకటించింది. పేపర్లో అది ఒక వార్త. నాకు మాత్రం కుర్చీ మీద వేసే తువ్వాలు రంగు మారడంతో తెలిసింది.

వాళ్లు కూర్చోగానే అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. "అక్కా, గీ నలుపు పోతదా?"

ఏ నలుపు అని నేను అడగను. తడిపిన దూది తీసి నుదుటి మీద తుడిచి చూపిస్తాను. మొదటి దూది నల్లగా వస్తుంది. రెండోది బూడిద రంగు, మూడోది కొంచెం మాసినట్టు. నాలుగోది తెల్లగానే ఉంటుంది. ఆ తెల్ల దూదిని ఆమె చేతిలో పెట్టి, "పోయేదంతా పోయింది బిడ్డా, ఇగ మిగిలింది నువ్వే" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు, "ఇంకొంచెం గట్టిగ రుద్దు అక్కా" అంటారు.

ఈ ఊరి జబ్బంతా ఆ 'ఇంకొంచెం గట్టిగ'లోనే ఉందని నా నమ్మకం. నల్లటి దుమ్ము మధ్య బతికేవాళ్లకు నలుపంటే మురికి అనే లెక్క ఎప్పుడో కుదిరిపోయింది. బొగ్గుబాయి నుంచి వచ్చిన మనిషిని ఇంటి ముందు నిలబెట్టి వీపు తోమిన చేతులు, అదే పీచుతో ఆడపిల్ల మెడ కూడా తోముతాయి. మసి పోతుంది కాబట్టి రంగూ పోవాలి కదా అన్న ఆశ. ఒంటి మీద జరిగేది దీనికి అడ్డం తిరుగుతుంది. నైలాన్ పీచుతోనో, గరుకు బండతోనో రోజూ రుద్దే చోట చర్మం తన్ను తాను కాపాడుకోవడానికి ఇంకా రంగు తయారు చేసుకుంటుంది. మెడ వెనక, వీపు పైన, మోచేతుల దగ్గర గోధుమ, నలుపు మచ్చలు అలలు అలలుగా తేలుతాయి. చర్మం డాక్టర్లు ఇటువంటివి నిత్యం చూస్తారు. మందు కంటే ముందు వాళ్లు చెప్పేది పీచు పారేయమని.

మరి బొగ్గు దుమ్ము ఎట్లా పోవాలి? పొడి ముఖం మీద సబ్బు పెట్టి రుద్దకూడదు. ఆ దుమ్ములో రాతి రవ్వలుంటాయి, గీసుకుపోతుంది. ముందు దోసిళ్ల కొద్దీ నీళ్లు కొట్టుకోవాలి. తర్వాత అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసుకుని, ముక్కు పక్కలా చెవుల వెనకా వేళ్లతో మెల్లగా తిప్పితే అంటుకున్న మసి వదులవుతుంది. అప్పుడు సబ్బు, ఒక్కసారే. సున్నిపిండి వద్దనను. పెసరపిండి, శనగపిండి, కాస్త పసుపు, కచ్చూరాలు వేసి పట్టించుకునే ఓపిక ఉంటే ఆదివారం పెట్టుకోండి, మెత్తగా జల్లించింది. నిమ్మచెక్క మాత్రం ముఖానికి తగలనివ్వకండి. నిమ్మరసం రాసుకుని ఈ ఎండలోకి పోతే కాలినట్టు మచ్చలు పడతాయి, అవి నెలల తరబడి ఉంటాయి.

కాటుక గురించి ఒక మాట. అండర్‌గ్రౌండ్ నుంచి వచ్చిన మగవాళ్ల కళ్లు చూడండి, ఎంత కడిగినా రెప్పల అంచున సన్నటి నల్లగీత మిగిలి ఉంటుంది. ఆ గీత కోసం మేం డబ్బులు పెట్టి డబ్బాలు కొంటాం. ఆముదం దీపం మీద మసి పట్టి ఇంట్లో చేసుకున్నా అది మసే కదా. ఈ ఊళ్లో మగవాళ్లకు ఊరికే దొరికే అలంకారం అదొక్కటే. డ్యూటీకి పోయే ఆడవాళ్లు మాత్రం పెట్టుకోకండి, జిడ్డు కాటుకకు దుమ్ము అతుక్కుని కళ్లు మండుతాయి. ఇంటికొచ్చి కడుక్కున్నాక పెట్టుకోండి, ఎవరు చూసినా చూడకపోయినా.

వారపత్రికల్లో అందం చిట్కాలు నేనూ చదువుతాను. ముఖానికి ప్యాకు వేసుకుని ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోండి అని రాస్తారు. నల్లా వచ్చే టైముకు బిందెలు పట్టాలి, మూడు షిఫ్టుల మనుషులకు మూడుసార్లు వండాలి, మధ్యలో పిల్లల బస్సు. ఇటువంటి ఆమెకు కళ్లు మూసుకోవడానికి ఇరవై నిమిషాలు దొరికితే నిద్రపోతుంది. పోవాలి కూడా. నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకున్న ఇంట్లో ఆడవాళ్లకు పగలూ నిద్ర ఉండదు, రాత్రీ ఉండదు. కళ్ల కింద నలుపుకు కీరదోస ముక్కలు పెట్టుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన దానికి వస్తాను. పెళ్లి చూపులకు నెల ముందు నుంచి కొందరు పిల్లల ముఖాలు ఉన్నట్టుండి వెలిగిపోతాయి. అమ్మ మురిసిపోతుంది. నాకు భయమేస్తుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్న ట్యూబు అది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ - ఇవన్నీ ఎగ్జిమా వంటివాటికి డాక్టరు కొద్ది రోజులు రాసే స్టెరాయిడ్లు. 2018లో ప్రభుత్వం వీటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. మొదటి వారాల్లో ముఖం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, ఎండ తగిలితే మండుతుంది. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి మానలేరు. గడ్డం మీద, చెంపల మీద వెంట్రుకలు కూడా మొలుస్తాయి. ఆ వెంట్రుకలు తీయించుకోవడానికే వాళ్లు నా దగ్గరికి వస్తారు. అటువంటి ముఖానికి నేను వ్యాక్స్ పెట్టను, పెడితే పై తోలు లేచి వస్తుంది. ఏం క్రీమ్ రాస్తున్నావని అడుగుతాను. చెప్పరు. బ్యాగులోంచి ట్యూబు తీసి చూపించే వరకూ థ్రెడింగ్ దారం ముట్టను. చూశాక కరీంనగర్ పోయి చర్మం డాక్టరును కలవమని పంపుతాను. ఒక్కసారిగా మానొద్దు, ఆయన చెప్పినట్టు తగ్గించుకుంటూ రా అని చెబుతాను.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే తెల్లబరిచే క్రీములు ఇంకో రకం. వాటిలో కొన్నింటిలో పాదరసం కలుపుతారు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది అటువంటి క్రీములే వాడుతున్నట్టు డాక్టర్లు పట్టుకున్నారు. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా పోయింది. ఫెయిర్ అండ్ లవ్లీ అటువంటిది కాదు, 1975 నుంచి ఇంటింటా ఉన్న ట్యూబు. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టారు. లక్ష్మీనగర్ దుకాణాల్లో ఇప్పటికీ చాలామంది పాత పేరుతోనే అడుగుతారు, దుకాణదారు కొత్త ట్యూబు ఇస్తాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఒకప్పుడు సింగరేణి ఉద్యోగం ఉన్న పిల్లగాడంటే కట్నం రేటు వేరు. ఇప్పుడు ఉద్యోగం పిల్లకు ఉంది. నెలజీతం ఉంది, క్వార్టర్ ఉంది, ఆస్పత్రి ఉంది. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు ఇవన్నీ చూసుకుని కూడా, "పిల్ల కొంచెం చాయ తక్కువ" అంటారు. చాయ తక్కువ పిల్ల జీతం మాత్రం ఎవరికీ తక్కువ కాదు.

నలుపే అందం అని గోడల మీద రాసే ప్రచారాలు కూడా చూశాను. మంచివే, కాదనను. కానీ అందులోనూ ఎవరో మార్కులు వేస్తున్నట్టే ఉంటుంది నాకు. ఒకప్పుడు ఫెయిల్ చేసినవాళ్లు ఇప్పుడు పాస్ చేశారు. నా కుర్చీలో కూర్చునే ఆడవాళ్లకు పాసూ వద్దు ఫెయిలూ వద్దు, ముఖం జోలికి రాకుంటే చాలు. నేను నేర్చిన పనిలో సగం ఆ జోలికి పోకుండా ఉండటమే.

థ్రెడింగ్ తీసుకోండి. నూలు దారం ఒక కొస పళ్ల మధ్య పట్టి, మిగతాది రెండు చేతుల వేళ్లకు చుట్టి మెలివేస్తాం. మెలిక ఒకవైపు జరిగితే వెంట్రుక అందులో చిక్కి కుదురుతో సహా వస్తుంది. కూర్చున్నామె రెండు చేతులతో కనురెప్పా నుదురూ లాగి పట్టుకోవాలి, వదిలితే తోలు తెగుతుంది. చెమట ఉంటే దారం జారుతుంది. అందుకే రామగుండం ఎండ నలభై అయిదు దాటే రోజుల్లో పదింటి లోపే కనుబొమలు చేస్తాను. దుమ్ము ముఖం మీద చేస్తే, వెంట్రుక ఊడిన రంధ్రంలోకి మసి పోయి తెల్లారేసరికి కురుపులు లేస్తాయి. డ్యూటీ దిగి వచ్చినవాళ్లను ముందు నల్లా దగ్గరికి పంపేది అందుకే.

కోర్సులో మాకు సన్నగా, విల్లులా చేయడం నేర్పారు. సీహెచ్‌పీలో, అంటే బొగ్గు పంపే ప్లాంటులో, బెల్టు కింద ఊడ్చే ఆమెకు అట్లా చేయను. కనుబొమకు ఒక పని ఉంది. నుదుటి మీది చెమటా, దాంతో పాటు జారే దుమ్మూ కంట్లో పడకుండా పక్కకు మళ్లించేది అదే. దాన్ని గీతలా చేస్తే ఫొటోలో బాగుంటుంది, షిఫ్టులో కళ్లు ఎర్రబడతాయి. కింద అటూ ఇటూ మొలిచినవి తీసి, ఒత్తు అలాగే ఉంచుతాను. "గింతేనా?" అని అద్దం చూసి అడుగుతారు. ఇంతే. డబ్బులు కూడా ఇంతకే తీసుకుంటాను.

జుట్టు సంగతి ఇంకా సులువు, ఎవరూ వినరు గానీ. పొద్దున్నే తలస్నానం చేసి, తడి ఆరకుండానే బిగించి ముడేసి, మీద హెల్మెట్ పెడితే చుండ్రు రాక ఏమొస్తుంది? నుదుటి అంచున వెంట్రుకలు పల్చబడేది కూడా ఆ బిగుతు వల్లే. యంత్రాల దగ్గర జుట్టు వదిలేయడం కుదరదు, ప్రాణం మీదికి వస్తుంది. వదులుగా జడ అల్లి మెడ దగ్గర కింద చుట్టి దోపుకోండి. కుంకుడుకాయ స్నానం వీక్లీ ఆఫ్ రోజుకు పెట్టుకోండి. సేఫ్టీ షూ వేసుకునేవాళ్లు మెట్టెలు తీసి పెట్టుకుంటే వేళ్ల మధ్య పుండ్లు పడవు. అత్తలు ఒప్పుకోకపోతే వాళ్లను ఒకసారి ఆ షూ వేసుకుని ఎనిమిది గంటలు నిలబడమనండి.

మంగు మచ్చల గురించి ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కువగా కడుపుతో ఉన్నప్పుడు చెంపల మీద మొదలయ్యేవి. ఎండకు ముదురుతాయి, వేడికి కూడా ముదురుతాయి, పొయ్యి దగ్గర నిలబడ్డా సరే. సన్‌స్క్రీన్ రాస్తే తగ్గుతాయి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవు క్రీము కావాలి, బొట్టు పెట్టినట్టు పెడితే లాభం లేదు. కొంచెం చర్మపు రంగు కలిసి ఉండే రకం మంగుకు ఇంకా మంచిది. అది కొనలేని నెలలో స్కార్ఫ్ కట్టుకోండి, గొడుగు పట్టుకోండి. పూర్తిగా పోతాయా అంటే పోవు. తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. పోతాయని చెప్పి ఫేషియల్ ప్యాకేజీ అమ్మితే నాకు లాభమే, కానీ ఆమె మళ్లీ నెల మూడున్నరకు వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటుంది.

దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడినప్పుడు మాకు సీజన్. 2024లో కార్మికులకు 33 శాతం వాటా ప్రకటించినప్పుడు, కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5,000 రూపాయలు ఇచ్చారు. ఆ వారం ఒక పెద్దామె వచ్చింది. కాంట్రాక్టు మీద ఊడ్చే పని. ఎన్నడూ పార్లర్ మెట్టు ఎక్కలేదట. ఫేషియల్ చేయమంది. చెంపలు ఎండకు మాడి ఉన్నాయి. ఫేషియల్‌తో ఏమీ మారదు, ఆ పైసలతో మంచి క్రీము కొనుక్కో చిన్నమ్మా అన్నాను. ఆమె లేవలేదు. "మారుడు ఎవలకు కావాలె? కాసేపు కూసోని నా మొహం ఎవలన్న పట్టుకుంటె సాలు" అంది. గంటసేపు చేశాను. మధ్యలో గురక పెట్టింది.

ఈసారి దసరాకు వచ్చేవాళ్లకు ఒక మాట ముందే చెబుతున్నాను. సద్దుల బతుకమ్మ ముందు రోజు బ్లీచ్ చేయను. ముఖం ఎర్రబడి, దాని మీద గౌరమ్మ పసుపు పడి, పొద్దుగూకేదాకా మండితే ఆట ఎట్లా ఆడతారు? చేయించుకోవాలని ఉన్నవాళ్లు వారం ముందు రండి. కనుబొమలకు మాత్రం ఆ ముందు రోజు పొద్దున ఆరింటికే తలుపు తీస్తాను, ఫస్ట్ షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే ముందు వచ్చి పోవచ్చు.