ఆరో నంబరు పిక్ తిరిగిన దారి

2018 అక్టోబరులో, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ ట్రేడ్ రోజుల్లో, ఆరో నంబరు పిక్ చేతులు మారుతూనే ఉంది. ఆ నవంబరు డ్రాఫ్ట్‌లో ఆరో పేరు పిలిచే హక్కు అది. బ్రిస్బేన్ లయన్స్ దానికి 19, 55 నంబర్లు కలిపి ఫ్రీమాంటిల్‌కు ఇచ్చి, లాకీ నీల్‌నూ 30వ పిక్‌నూ తీసుకుంది. ఫ్రీమాంటిల్ ఆరో పిక్‌ను మెల్‌బోర్న్‌కు అప్పగించి జెస్సీ హోగన్‌ను తెచ్చుకుంది. మెల్‌బోర్న్ దాన్ని గోల్డ్ కోస్ట్‌కు ఇచ్చి స్టీవెన్ మేను, అతనితో పాటు మరో ఆటగాణ్ని పట్టుకెళ్లింది. చివరికి గోల్డ్ కోస్ట్ ఆ పిక్‌తో బెన్ కింగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని పిలిచింది. అతని కవల సోదరుడు మ్యాక్స్‌ను రెండు పేర్ల ముందే సెయింట్ కిల్డా తీసేసుకుంది.

ఒకే అంకె, నాలుగు క్లబ్బులు. ఏ క్లబ్బుకు ఏం దక్కిందో లెక్క చూడాలంటే ఆరేడేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ మన పాఠకులకు ఈ బేరం కొత్తగా తోస్తుంది. ఈ లీగ్‌లో డబ్బు కట్టి మరో క్లబ్బు ఆటగాణ్ని కొనుక్కోవడం కుదరదు. 1987 నుంచీ జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. అంతకు ముందు ఏడాది, 1986లో, డ్రాఫ్ట్ మొదలైంది. పట్టికలో అడుగున నిలిచిన జట్టుకు కొత్త కుర్రాళ్లలో మొదటి ఎంపిక దక్కుతుంది. కాబట్టి క్లబ్బుల మధ్య చెలామణీ అయ్యేవి రెండే: ఆటగాళ్లు, పిక్‌లు. 2015 నుంచి మరుసటి ఏడాది పిక్‌లనూ ముందే ఇచ్చేయొచ్చు. అయితే నాలుగేళ్లలో కనీసం రెండు మొదటి రౌండ్ పిక్‌లను సొంతానికి వాడుకోవాలని ఒక కట్టుబాటు పెట్టారు, రేపటిని పూర్తిగా అమ్ముకోకుండా. అదే ఏడాది లీగ్ ఒక పాయింట్ల పట్టిక కూడా ఇచ్చింది. మాజీ ఆటగాళ్ల కొడుకులు, అకాడమీ కుర్రాళ్ల కోసం జరిగే పోటీకి చేసిన లెక్క అది. అందులో మొదటి పిక్ విలువ 3,000, ఆరో పిక్ విలువ 1,751. ట్రేడ్ గదుల్లోనూ ఆ అంకెలు తూకపు రాళ్లయ్యాయి.

ఆ తూకంలో చోటు లేనిది ఒకటుంది. పిక్‌కు సొంతూరు ఉండదు, దాంతో పిలిచే కుర్రాడికి ఉంటుంది. అతన్ని పిలిచిన మరుక్షణం నుంచి ఆ ఊరు క్లబ్బుతో పాటే నడుస్తుంది. ట్రేడ్‌ల మంచిచెడ్డలు చెప్పేవాళ్లు నంబర్ల మీద చూపిన శ్రద్ధలో సగమైనా ఊళ్ల మీద చూపరని ఈ కాలమ్ ఏనాటి నుంచో అనుకుంటున్న మాట.

2018 గోల్డ్ కోస్ట్ సంగతే చూడండి. ఆ ఏడాది ఉమ్మడి కెప్టెన్లు ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోయారు. టామ్ లించ్ రిచ్‌మండ్‌కు, మే మెల్‌బోర్న్‌కు. బదులుగా క్లబ్బు చేతికి 3, 6 నంబర్లు వచ్చాయి. పట్టికలో అడుగున నిలిచినందుకు దక్కిన రెండో పిక్ ఎలాగూ సొంతమే. కాగితం మీద అంతకంటే మంచి సంపద ఉండదు. వాటితో జాక్ లుకోసియస్, ఐజాక్ రాంకిన్, బెన్ కింగ్‌లను తీసుకుంది. మొదటి ఇద్దరూ దక్షిణ ఆస్ట్రేలియా కుర్రాళ్లు. రాంకిన్ 2022 చివర అడిలైడ్‌కు, లుకోసియస్ 2024 చివర పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయారు. ఇద్దరూ చేరింది సొంత రాష్ట్రానికే. నిలిచింది కింగ్ ఒక్కడే.

మిగతా ముగ్గురి కథలు మరో రకంగా తిరిగాయి. నీల్ 2011 డ్రాఫ్ట్‌లో 58వ పిక్. అంత వెనక నుంచి వచ్చినవాడు బ్రిస్బేన్‌కు 2020లో, 2023లో సీజన్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకాలు తెచ్చాడు. 2024, 2025లలో ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు, గెలిచిన జట్లు రెండిటిలోనూ ఉన్నాడు. మే వెళ్లిన మెల్‌బోర్న్ 2021లో, 1964 తర్వాత తొలిసారి, కప్పు గెలిచింది. ఆ రోజు వెనక వరుసను కాచినవాళ్లలో అతనొకడు. హోగన్ పెర్త్ కుర్రాడు. ఫ్రీమాంటిల్‌కు రావడమంటే ఇంటికి రావడమే. అయినా రెండు సీజన్లూ కష్టంగానే గడిచి, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి మారాడు. అక్కడ, తనది కాని ఊళ్లో, 2024లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే కోల్‌మన్ పతకం గెలిచాడు. సొంతూరు అన్ని ముడులూ విప్పదు. ఆ మాటా ఒప్పుకోవాల్సిందే.

ఫ్రీమాంటిల్ పేరెత్తితే పాత అభిమానులు 2001 దగ్గరికి వెళ్లకుండా ఉండరు. ఆ సీజన్‌లో ఆ క్లబ్బు గెలిచినవి రెండే మ్యాచ్‌లు. మొదటి పిక్ వాళ్లదే. దాన్ని 20, 36 నంబర్లతో కలిపి హాథార్న్‌కు ఇచ్చేసి, ట్రెంట్ క్రోడ్, లూక్ మెక్‌ఫార్లిన్‌లను తెచ్చుకున్నారు. హాథార్న్ మొదటి పిక్‌తో లూక్ హాడ్జ్‌ను, 36తో సామ్ మిచెల్‌ను తీసుకుంది. ఆ ఇద్దరూ చెరి నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచారు. క్రోడ్ విక్టోరియావాడు. రెండు సీజన్లు ఆడి, పదో పిక్‌కు బదులుగా తిరిగి హాథార్న్‌కే వెళ్లిపోయాడు. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ గెలిచినప్పుడు మిచెల్ కెప్టెన్, హాడ్జ్ ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడు. అమ్మి, మళ్లీ తెచ్చుకున్న క్రోడ్ కూడా అదే జట్టులో ఉన్నాడు. ఆ రోజు పాదం విరిగింది, మళ్లీ లీగ్ మ్యాచ్ ఆడలేదు.

చరిత్రలోకెల్లా చెడ్డ ట్రేడ్ ఇదేనని తీర్పు చెప్పి పుస్తకం మూసేస్తుంటారు. ఆ తీర్పులో మెక్‌ఫార్లిన్ పేరు వినిపించదు, అది అన్యాయం. అతను పశ్చిమ ఆస్ట్రేలియావాడు. సొంత రాష్ట్రానికి వచ్చి ఫ్రీమాంటిల్‌కు 244 మ్యాచ్‌లు ఆడాడు, 2012లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు ఎంపికయ్యాడు. ఆ క్లబ్బు తొలిసారి సీజన్ చివరి ఫైనల్స్ దశకు చేరింది కూడా 2003లో, క్రోడ్ ఇంకా అక్కడ ఉన్నప్పుడే. రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టు అభిమానులకు ఓపికగా ఎదురుచూడమని చెప్పడం సులువు కాదు. పోగొట్టుకున్నది చాలా ఎక్కువ, నిజమే. అయితే తెచ్చుకున్న ఇద్దరిలో ఎవరు వెళ్లిపోయారో, ఎవరు నిలిచారో చూస్తే ఆ ట్రేడ్ నేర్పే సంగతి వేరే ఉంది.

2007లో క్రిస్ జడ్ విషయంలోనూ అంతే. వెస్ట్ కోస్ట్ కెప్టెన్‌గా 2006 కప్పు ఎత్తినవాడు విక్టోరియాకు తిరిగి వెళ్తానన్నాడు. కార్ల్‌టన్ మూడో పిక్, ఇరవయ్యో పిక్, పైగా జాష్ కెనడీ అనే కుర్రాణ్ని ఇచ్చి అతన్ని 46వ పిక్‌తో సహా తీసుకుంది. జడ్ 2010లో రెండో బ్రౌన్‌లో గెలిచాడు, 2009లో కార్ల్‌టన్ మళ్లీ ఫైనల్స్ చూసింది. గ్రాండ్ ఫైనల్ మాత్రం చూడలేదు. కెనడీ పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్తాంప్టన్ కుర్రాడు. వెస్ట్ కోస్ట్‌కు 712 గోల్స్ కొట్టి ఆ క్లబ్బు చరిత్రలో మొదటి స్థానంలో నిలిచాడు. కెనడీ, మూడో పిక్‌తో వచ్చిన క్రిస్ మాస్టన్ ఇద్దరూ 2018 ప్రీమియర్‌షిప్ ఆడారు. ఇంటికి వెళ్లాలనుకున్న మహా ఆటగాణ్ని వదిలి, ఇంటివాణ్ని తెచ్చుకున్న వెస్ట్ కోస్ట్‌కే ఆ బేరం ఎక్కువ కాలం కలిసొచ్చింది. జడ్ గొప్పతనానికి ఇందులో లోటేమీ లేదు. అతను చేరిన జట్టుకు చుట్టూ గోడలు లేవు, అంతే.

ఈ విద్యలో ఆరితేరిన క్లబ్బు జీలాంగ్. 2015లో పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్ కోసం 9, 28 పిక్‌లనూ ఒక యువ ఆటగాణ్నీ ఇచ్చింది. అతని ఊరు మాగ్స్ క్రీక్ జీలాంగ్‌కు దగ్గరే. మరుసటి ఏడాదే బ్రౌన్‌లో అతనిది. 2020లో పశ్చిమ విక్టోరియావాడైన జెరెమీ కామెరాన్ కోసం 13, 15, 20 పిక్‌లు ఇచ్చి, అతనితో పాటు రెండు రెండో రౌండ్ పిక్‌లు వెనక్కి రాబట్టుకుంది. 2022 గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీని 81 పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు ఆ జట్టు సగటు వయసు 28 దాటింది. ముసలి జట్టని అన్నవాళ్లు ఒక సంగతి గమనించలేదు. జీలాంగ్ కొన్నది వాళ్ల వయసును కాదు. ఆ ఇద్దరూ చిన్నప్పటి నేలకు దగ్గరగా ఉండాలని కోరుకున్నారు, ఒప్పందం ఉన్న ఆటగాణ్ని ఈ లీగ్‌లో అతని సమ్మతి లేకుండా పంపడం కుదరదు. అందుకే ఆటగాడు ఎటు మొగ్గుతున్నాడో ముందే పసిగట్టిన లిస్ట్ మేనేజర్‌కు, అంటే క్లబ్బు ఆటగాళ్ల జాబితా చూసుకునేవాడికి, బేరంలో పైచేయి.

2023 చివర మొదటి పిక్ వెస్ట్ కోస్ట్ చేతికొచ్చింది. దాని కోసం ఇతర క్లబ్బులు పిక్‌లు కట్టలుగా ఇవ్వజూపాయి. ఆ ఏడాది అందరి కళ్లూ హార్లీ రీడ్ మీదే. ఉత్తర విక్టోరియాలోని టొంగాలా అనే చిన్న ఊరివాడు. మెల్‌బోర్న్ నుంచి పెర్త్ దాదాపు 2,700 కిలోమీటర్లు. ఇంటి బెంగతో వెళ్లిపోతాడని, ఆ పిక్ అమ్మేయమని చెప్పినవాళ్లు ఎందరో. వెస్ట్ కోస్ట్ వినలేదు, రీడ్ పేరే పిలిచింది. 2025లో ఆ క్లబ్బు సీజన్ మొత్తంలో గెలిచింది ఒక్క మ్యాచే. ఆ ఏడాదే రీడ్ పెర్త్‌లో ఇంకొన్నాళ్లు ఉంటానని కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు.